బీటిల్‌లో క్లచ్ కేబుల్ మాటిమాటికీ తెగుతుంటే

నాకు 1969 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు అమ్మిన పెద్దాయన తాళాలతో పాటు ఒక ప్లాస్టిక్ సంచీ కూడా చేతిలో పెట్టాడు. నిండా తెగిన క్లచ్ కేబుళ్లు. "ఈ కారు కేబుళ్లని తినేస్తుంది. స్పేర్ ఒకటి ఎప్పుడూ పెట్టుకో, అంతే" అన్నాడు. ఇక్కడ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో పాత ఫోక్స్‌వ్యాగన్లు నడిపేవాళ్లలో చాలామంది మాట అదే. తెగితే మార్చు, మళ్లీ తెగితే మళ్లీ మార్చు. ఆ సంచీ ఫోటో తీసి బాబాయ్‌కి వాట్సాప్‌లో పెట్టాను. ఆయనకి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉంది. ఆటోలు, మారుతి 800లు చూస్తాడు. బీటిల్ మీద జన్మలో చెయ్యి వెయ్యలేదు. అయినా మొదటి ప్రశ్నే అసలైనది అడిగాడు: "ఒరేయ్, అన్నీ ఒకేచోట తెగాయా, తలా ఒకచోటా?"

అన్నీ ఒకేచోట తెగాయి. వెనక, నట్ ఎక్కే థ్రెడ్డు మొదలయ్యే చోట.

సరిగ్గా బిగించిన మంచి కేబుల్ ఏళ్ల తరబడి నడుస్తుంది. ఏడాది తిరక్కుండా రెండోది తెగిందంటే తప్పు కేబుల్‌ది కాదు, దాన్ని ఏదో కోస్తోంది, లేదా వంచుతోంది. అదేమిటో చూడకుండా కొత్తది వేస్తే అదీ అంతే అవుతుంది. కాబట్టి తెగిన ముక్కల్ని పారెయ్యకండి. ఎక్కడ తెగిందో చూసి, తారీఖు రాసిన చీటీ కట్టి దాచండి.

కేబుల్ ఏ దారిన వెళ్తుంది

బీటిల్‌లో ఇంజను వెనక, పెడల్ ముందు. పెడల్ తొక్కితే వెనకున్న క్లచ్ లీవర్ని లాగేది ఈ కేబులే. మధ్యలో కేబుల్ పొడవు రెండు మీటర్లకు పైనే. ముందు సీట్ల మధ్యనున్న టన్నెల్ లోపల ఒక సన్నటి ఇనప గొట్టం ఉంటుంది, కేబుల్ అందులోంచి వెళ్తుంది. ముందు కొసన రింగు, వెనక కొసన థ్రెడ్డు. క్లచ్ పెడల్ ఇరుసు టన్నెల్ లోపలికి వచ్చేచోట ఒక కొక్కెం ఉంటుంది, రింగు దానికి తగులుకుంటుంది. వెనక ఆ ఇనప గొట్టం గేర్‌బాక్సుకి కాస్త ముందే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి గేర్‌బాక్సు మీదున్న బ్రాకెట్ దాకా వంగే గొట్టం ఒకటి వేస్తారు. దాన్ని బౌడెన్ ట్యూబ్ అంటారు. అది దాటాక కేబుల్ కొస ఎడమవైపున్న క్లచ్ లీవర్లో దూరి, వింగ్ నట్‌తో ఆగుతుంది.

ఇంజనూ గేర్‌బాక్సూ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని అటూ ఇటూ కదులుతుంటాయి, టన్నెల్లోని గొట్టం కదలదు. ఆ తేడాని సర్దుకోవడానికే బౌడెన్ ట్యూబ్‌ని కావాలని కాస్త వంపుతో వేలాడదీస్తారు. ఈ వంపుని చాలామంది పట్టించుకోరు. కేబుళ్లు వరసగా తెగడానికి నేను చూసినంతలో పెద్ద కారణం అదే.

తెగిన చోటుని బట్టి

వెనక థ్రెడ్డు దగ్గర తెగితే ముందు వింగ్ నట్ చూడండి. దానికి రెండు వైపులా గుండ్రటి చెవులుంటాయి. అవి లీవర్లోని గాడిలో కూర్చుంటాయి. పెడల్ తొక్కినప్పుడు లీవరు తిన్నగా రాదు, వంపు తిరుగుతూ వస్తుంది. ఆ తిరుగుడుకి తగ్గట్టు నట్ గాడిలో ఊగాలి. వింగ్ నట్ దొరకలేదనో, వదులైపోతోందనో కొందరు మామూలు నట్లు రెండు ఒకదాని మీద ఒకటి బిగిస్తారు. అప్పుడు నట్ ఊగదు, తొక్కిన ప్రతిసారీ కేబుల్ కొసే వంగి లేస్తుంది. ఇనప తీగని చేత్తో ఇటూ అటూ వంచి తుంచుతామే, సరిగ్గా అదే పని జరుగుతుంది. నా కారులో ఉన్నవి ఆ జంట నట్లే. వింగ్ నట్ ఉన్నా దాని చెవులు అరిగిపోయినా, గాడి తుప్పుపట్టి ఎండిపోయినా ఫలితం ఇంతే. ఖరీదు లేని వస్తువు, కేబుల్ మార్చినప్పుడల్లా కొత్తది వెయ్యండి. గాడిలో కాస్త గ్రీజు పెట్టండి.

నట్ బాగానే ఉంటే బౌడెన్ ట్యూబ్ వంపు కొలవండి. ట్యూబ్ రెండు చివర్ల మధ్య తిన్నగా ఒక స్కేలు పెట్టి, మధ్యలో ట్యూబ్ ఎంత కిందికి జారిందో చూడాలి. 25 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంతకంటే తక్కువైతే క్లచ్ వదిలేటప్పుడు కారు గజగజ వణుకుతుంది. ఎక్కువైతే పెడల్ బరువెక్కి, కేబుల్ ట్యూబ్ లోపలి గోడని రాచుకుంటూ పోగులు పోగులుగా తెగుతుంది. సరిచెయ్యడం తేలికే. బ్రాకెట్ దగ్గర ట్యూబ్ భుజం కింద వాషర్లు కలిపితే వంపు పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. ట్యూబ్ చివర రబ్బరు తొడుగు చిరిగి ఉంటే అదీ మార్చండి, అందులోంచే నీళ్లూ ఇసకా లోపలికి పోయేది.

వాషర్లు ఎన్ని వేసినా వంపు నిలవకపోతే గేర్‌బాక్సు మౌంట్లు చూడాలి. రబ్బరు పగిలి, నూనె తాగి ఉబ్బిపోయి ఉంటే గేర్‌బాక్సు మొత్తం కదులుతుంది. దాంతో పాటు వంపు కూడా మారిపోతుంది. ఆగి బయల్దేరినప్పుడు కారు వెనక నుంచి ధడ్‌మని చప్పుడొస్తుంటే అనుమానం మౌంట్ల మీదే.

ముందు రింగు దగ్గర తెగితే లెక్క వేరు. పెడల్ ఇరుసు మీది కొక్కెం అరిగి, అంచు కత్తిలా తయారై ఉంటుంది. లేదా పెడల్ బుష్‌లు పోయి ఇరుసు పక్కకి ఊగుతూ, రింగుని అడ్డంగా లాగుతుంటుంది. పెడల్‌ని చేత్తో పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపి చూడండి. బాగా ఊగితే బుష్‌లు మార్చే వేళ అయింది. పెడల్‌ని ఇరుసుకి పట్టి ఉంచే పిన్ను కూడా ఓసారి చూసుకోవాలి, అది అరిగినా పెడల్ ఆట పెరిగిపోతుంది. అరిగిన కొక్కేన్ని వెల్డింగుతో నింపి, ఆకురాయితో నున్నగా చెయ్యొచ్చు. బాబాయ్ అయితే అదే చేస్తాడు, ఆటోనగర్‌లో పారేసే మాటే లేదు. ఇక్కడ వెల్డింగు చేసేవాడి గంట కూలి కంటే కొత్త ఇరుసే చవక.

రెండు కొసలూ బాగుండి మధ్యలో ఎక్కడో తెగిందంటే, అది నిజంగా టెన్షన్ పెట్టే సంగతి. టన్నెల్ లోపలి ఇనప గొట్టం పట్టు ఊడి ఉండొచ్చు. ఆ గొట్టాన్ని టన్నెల్ లోపల వెల్డింగుతో అతికించి ఉంటారు. ఏభై ఏళ్ల తర్వాత ఆ అతుకులు వదిలితే పెడల్ తొక్కినప్పుడు గొట్టం కూడా విల్లులా వంగుతుంది. పరీక్ష ఇది: ఒకర్ని కూర్చోబెట్టి పెడల్ తొక్కించండి, మీరు వెనక కింద నుంచి ఇనప గొట్టం కొసని చూడండి. అది ముందుకీ వెనక్కీ కదిలితే అతుకు ఊడినట్టే.

బాగు చెయ్యాలంటే టన్నెల్ రేకుకి కిటికీ కోసి, గొట్టాన్ని మళ్లీ అతికించి, కిటికీ మూసెయ్యాలి. ఈ పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. అదే టన్నెల్లోంచి పెట్రోలు పైపు కూడా వెళ్తుంది. టాంకు ఖాళీ చేసి, పైపు కడిగి, బాటరీ తీగ విప్పితే గానీ అక్కడ నిప్పు రాజెయ్యకూడదు. పాత ఫోక్స్‌వ్యాగన్ల మీద చెయ్యి తిరిగిన వెల్డర్‌ని వెతుక్కోండి. డబ్బు పోతే పోయింది.

పెడల్ బరువుగా ఉంటే

కేబుల్ తెగడానికి ముందు కొన్నాళ్లుగా పెడల్ గట్టిపడుతూ వచ్చిందా? అయితే కొసలు చూసి ఊరుకోకూడదు. పాత కేబుల్ ఇంకా తెగకపోతే వెనక వింగ్ నట్ విప్పి, కొసని చేత్తో లాగి వదలండి. సులువుగా జారాలి. జారకపోతే రాపిడి కేబుల్ దారిలోనే ఉంది. జారితే అడ్డు గేర్‌బాక్సు వైపు ఉందన్నమాట. అక్కడ చూడాల్సినవి లీవరు ఇరుసు బుష్, దాని వాపసు స్ప్రింగు, లోపల క్లచ్‌ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, దాన్ని విడిపించే రిలీజ్ బేరింగు. స్ప్రింగు విరిగి ఉంటే బయట నుంచే కనిపిస్తుంది. మిగతా వాటికి ఇంజను దింపాలి. బీటిల్ ఇంజను గేర్‌బాక్సుకి నాలుగే చోట్ల పట్టి ఉంటుంది కాబట్టి దింపడం పెద్ద విద్య కాదు. కానీ నూరు కిలోలకు పైబడ్డ బరువు. ఒక్కరే ఉన్నప్పుడు పెట్టుకోవద్దు.

ఇంజను ఎలాగూ దింపారు కనక ఇంకో మాట. ఈ కార్లలో ప్రెషర్ ప్లేట్లు రెండు రకాలు: మధ్యలో రింగు ఉన్న పాత రకం, రింగు లేని తర్వాతి రకం. రిలీజ్ బేరింగు కూడా దానికి తగ్గదే ఉండాలి. ఒక రకం ప్లేటుకి ఇంకో రకం బేరింగు పడిందంటే బేరింగూ మిగలదు, కేబులూ మిగలదు. చేతులు మారిన కార్లలో ఇలాంటి కలగూరగంప ఏదైనా దొరకొచ్చు.

కొత్త కేబుల్ కొనేటప్పుడు

బీటిల్ చివరి బండి మెక్సికోలోని పుయెబ్లా ఫ్యాక్టరీలో 2003 జూలైలో తయారైంది. మొత్తం రెండు కోట్ల పదిహేను లక్షల పైచిలుకు కార్లు చేశారు కాబట్టి సామాను ఇంకా దొరుకుతోంది, చవకగానూ దొరుకుతోంది. ఆ చవకే ఒక్కోసారి ముంచుతుంది. ఏళ్లని బట్టి కేబుల్ పొడవు మారుతుంది, అందుకని కారు తయారైన సంవత్సరం చెప్పి అడగండి. చేతికొచ్చాక పాత దాని ముక్కలు పక్కన పరిచి సరిచూడండి. రింగుని, థ్రెడ్డు కొసని కేబుల్‌కి నొక్కి బిగించిన చోటు చూడండి. పోగు ఒక్కటి బయటికి తొంగి చూస్తున్నా, కొస కాస్త వంకరగా బిగిసి ఉన్నా తిప్పి పంపెయ్యండి. బౌడెన్ ట్యూబ్, రబ్బరు తొడుగు, వింగ్ నట్ కూడా అదే ఆర్డర్‌లో తెప్పించుకోండి. అరిగిన ట్యూబ్‌లో కొత్త కేబుల్ వెయ్యడం శుద్ధ దండగ.

మార్చే పద్ధతి

ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్కలు అడ్డం పెట్టండి. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలకే, వాటిని ఎత్తాక అది ఉన్నా లేనట్టే. వెనక భాగం జాకీతో లేపి, టోర్షన్ బార్ హౌసింగు (వెనక చక్రాలకి ముందు అడ్డంగా ఉండే లావాటి గొట్టం) కింద స్టాండ్లు పెట్టండి. జాకీ మీద నిలబెట్టి కారు కిందికి దూరడం వద్దు. ఎడమ వెనక చక్రం ఊడదీస్తే లీవరూ బ్రాకెట్టూ చక్కగా కనబడతాయి.

థ్రెడ్డు దగ్గర ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచితే వింగ్ నట్ సుఖంగా వస్తుంది. నట్ తీసి, కొసని లీవర్లోంచి లాగి, బౌడెన్ ట్యూబ్‌ని బ్రాకెట్లోంచి, ఇనప గొట్టం కొస నుంచి విడదీయండి. పాత వాషర్లు ఎన్నున్నాయో చూసుకోండి.

ఇప్పుడు కారు లోపల. పెడళ్ల వెనక నేల మీద ఒక చిన్న అడ్డుపలక ఉంటుంది. పెడళ్లు వెనక్కి వచ్చి ఆగేది దాని మీదే. దాన్ని విప్పేముందు చుట్టూ మార్కరుతో గీత గియ్యండి. ఇది తప్పనిసరి, ఎందుకంటే బ్రేకు మాస్టర్ సిలిండర్ కడ్డీకి ఉండాల్సిన ఒక మిల్లీమీటరు ఖాళీ ఆ పలక ఉన్నచోటు మీద ఆధారపడి ఉంటుంది. క్లచ్ బాగుచేసి బ్రేకు పాడు చేసుకోకూడదు కదా. తర్వాత బ్రేకు కడ్డీ క్లిప్పు తీసి, యాక్సిలరేటర్ లింకు విడదీసి, పెడళ్ల సెట్టుని టన్నెల్‌కి పట్టి ఉంచే రెండు బోల్టులు 13 నంబరు స్పానరుతో విప్పండి. సెట్టు పక్కకి వస్తుంది, దాంతో పాటు కొక్కెమూ, దానికి వేలాడుతూ రింగూ వస్తాయి. ముందు ముక్కని ముందు నుంచి, వెనక ముక్కని వెనక నుంచి లాగెయ్యండి. తోలు గ్లవ్స్ వేసుకోండి, తెగిన పోగులు సూదుల్లా దిగుతాయి.

కొత్త కేబుల్‌కి ఆ కొస నుంచి ఈ కొస దాకా గ్రీజు పట్టించండి. పొదుపు చెయ్యకండి. థ్రెడ్డు కొస ముందుగా పోవాలి. టన్నెల్ రంధ్రంలో వేలు పెట్టి తడిమితే ఇనప గొట్టం నోరు తగులుతుంది, అందులోకి కొసని పెట్టి కొంచెం కొంచెంగా తొయ్యండి. మధ్యలో ఎక్కడైనా ఆగితే బలవంతం చెయ్యకండి, వెనక్కి లాగి కాస్త తిప్పుతూ మళ్లీ పంపండి. ప్రతిసారీ అదే చోట ఆగుతుంటే అక్కడ గొట్టం నొక్కుకుపోయి ఉందనుకోవచ్చు.

అసలు తిప్పలు రింగుని కొక్కేనికి తగిలించి, అది జారకుండా పెడళ్ల సెట్టుని మళ్లీ బిగించడంలో ఉంది. కేబుల్ వదులైందా, రింగు ఊడి లోపల పడిపోతుంది. అందుకని వెనక ఇంకో మనిషి కావాలి. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. కొసని కటింగ్ ప్లేయరుతో పట్టుకుని, నేను చాలనే దాకా లాగి ఉంచుతుంది. "ఇంకెంతసేపండీ" అనేది లెక్కలోకి తీసుకోను. బోల్టులు బిగిశాక బౌడెన్ ట్యూబ్, తొడుగు, వాషర్లు వేసి, కొసని లీవర్లోకి దూర్చి, వింగ్ నట్‌ని నాలుగు చుట్లు పట్టించిన తర్వాతే ఆవిడకి విముక్తి. ఆ వెంటనే బ్రేకు కడ్డీ క్లిప్పు, యాక్సిలరేటర్ లింకు పెట్టి, అడ్డుపలకని గీసిన గీతకే బిగించి, కడ్డీ ఖాళీ మరోసారి చూడండి.

సర్దుబాటు

పెడల్ పక్కన స్కేలు నిలబెట్టి, పెడల్‌ని చేత్తో మెల్లగా నొక్కండి. మొదట కొంత దూరం ఊరికే పోతుంది, తర్వాత గట్టిగా తగులుతుంది. ఆ ఊరికే పోయే దూరం, అంటే పెడల్ ఆట, 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువుంటే వింగ్ నట్ బిగించండి, తక్కువుంటే వదలండి. అసలు ఆటే లేకుండా బిగిస్తే రిలీజ్ బేరింగు ఎప్పుడూ ఒత్తుకుని తిరుగుతూ అరుగుతుంది, క్లచ్ జారుతుంది. ఎక్కువ వదిలేస్తే క్లచ్ పూర్తిగా విడక రివర్సు గేరు కరకరమంటుంది.

నట్ తిప్పేటప్పుడు కేబుల్ కొస కూడా దాంతో పాటు తిరిగిపోతుంది. అలా తిరిగితే లోపల పోగులు మెలి పడి, కొత్త కేబుల్ వేసిన రోజే సగం పాడవుతుంది. ఒక చేత్తో కొసని వైస్ గ్రిప్‌తో (బిగించి వదిలేస్తే పట్టు సడలని ప్లేయరు) కదలకుండా పట్టుకోవాలి. థ్రెడ్డుని కాదు, దాని వెనకున్న మందపాటి ఇనప భాగాన్ని. నట్ చెవులు గాడిలో సరిగ్గా కూర్చున్నాయో చూసి, వంపు ఇంకోసారి కొలవండి.

కొత్త కేబుల్ మొదట్లో కాస్త సర్దుకుంటుంది. కొన్ని వందల మైళ్లు తిరిగాక పెడల్ ఆట మళ్లీ చూడండి. ఆ తర్వాత ఇంజనాయిల్ మార్చినప్పుడల్లా కొస దగ్గర లైటు వేసి చూడటం మంచిది. తెగే ముందు ఒకటో రెండో పోగులు విడిపోయి మీసాల్లా బయటికి లేస్తాయి. అవి కనిపించాయంటే ఈ శనివారమే పని పెట్టుకోండి, వచ్చే నెలకి వాయిదా వద్దు.

దారిలో తెగితే

పెడల్ ఉన్నట్టుండి నేలకి అతుక్కుపోతుంది. కంగారు పడక్కర్లేదు, ఫ్లాటుగా ఉండే రోడ్డయితే ఇల్లు చేరొచ్చు. ఇంజను ఆపి, మొదటి గేరు వేసి తాళం తిప్పండి. ఈ కారుకి క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యే స్విచ్చు లేదు. కాబట్టి స్టార్టర్ మోటరే కారుని ముందుకి లాగుతూ ఇంజనుని రాజేస్తుంది. ముందు ఎవరూ లేరని చూసుకుని మరీ తిప్పండి. కదిలాక యాక్సిలరేటర్ వదిలిన క్షణంలో గేరుని న్యూట్రల్‌కి లాగి, ఇంజను వేగం తగ్గేదాకా ఆగి, రెండో గేరుని రెండు వేళ్లతో మెల్లగా ఆనించండి. వేగాలు కలిసినప్పుడు అదే దూరుతుంది. కరకరమంటే నెట్టొద్దు. సిగ్నల్ దగ్గర ఆగేముందు న్యూట్రల్ చేసి, ఆగాక ఇంజను ఆపి, పచ్చలైటుకి మళ్లీ మొదటి గేరులో తాళం. హైవే ఎక్కకండి. మిషన్ బులెవార్డు లాంటి సిగ్నళ్ల రోడ్డు కూడా వద్దు, స్టార్టరు వేడెక్కిపోతుంది. కాస్త దూరమైనా సందుల్లోంచి పోవడం మేలు. కొండ ఎక్కాల్సి వస్తే మాత్రం పక్కకి తీసి టో ట్రక్కు పిలవండి.

బీటిల్‌కి డిక్కీ ముందుంటుంది. అందులో స్పేర్ టైరు పక్కన నా దగ్గర ఉండే సరంజామా: గ్రీజు పూసి చుట్టిన కేబుల్ ఒకటి, వింగ్ నట్ ఒకటి, పలచటి వాషర్లు నాలుగు, వైస్ గ్రిప్, 13 నంబరు స్పానరు, ఒక టార్చి.